నోటికి ప్లాస్టర్ వేసే ముందు

ప్రశ్న: డాక్టరుగారికి నమస్కారం. మాది పర్లాకిమిడి. మావారికి 46 ఏళ్లు. ధాన్యం వ్యాపారం, రోజంతా మిల్లు దగ్గరే ఉంటారు. గురక పెళ్లయిన కొత్తలోనూ ఉండేది గానీ, నాలుగేళ్లుగా ఇంటికప్పు లేచిపోతోంది. ముక్కు ఎప్పుడూ దిబ్బడే. రెండేళ్లుగా ముక్కులో చుక్కల మందు వేసుకోనిదే పడుకోరు. నోరు తెరుచుకుని నిద్రపోతారు, తెల్లారేసరికి నాలుక పిడచకట్టుకుపోతుంది. మధ్యమధ్యలో గురక ఉన్నట్టుండి ఆగిపోతుంది, ఆ కాసేపే నాకు కునుకు పడుతుంది. అంతలోనే పెద్దగా గుర్రుమని మళ్లీ మొదలు. రాత్రి రెండు మూడుసార్లు బాత్రూముకి లేస్తారు. షుగరేమో అని టెస్టు చేయిస్తే లేదన్నారు. బీపీ మాత్ర వేసుకుంటున్నారు. పోయిన నెల పాతపట్నం నుంచి వస్తూ కునుకు పట్టి స్కూటరుతో సహా రోడ్డు దిగిపోయారు. ఈమధ్య ఆయన స్నేహితుడొకాయన ఫోన్లో వీడియో చూపించారట. రాత్రి పెదాలకు ప్లాస్టర్ అంటించుకుంటే ముక్కుతోనే ఊపిరి తీసుకుంటాం, గురక పోతుంది, బీపీ దిగుతుంది అని. టేపు కూడా కొనుక్కొచ్చారు. వెయ్యనివ్వమంటారా? ఇంకోటి, మా బాబుకి ఎనిమిదేళ్లు. వాడూ నోరు తెరిచే పడుకుంటాడు, వాడికీ గురకే. "వాళ్ల తాతకీ ఇంతే, వంశంలోనే ఉంది" అంటారు మా అత్తగారు. వాడికి కూడా టేపు వెయ్యొచ్చా? ప్రాణాయామం చేయిస్తే తగ్గుతుందా?

ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, వద్దు. ఇద్దరికీ వద్దు. ఆ టేపు బాబు స్కూలు పుస్తకాల అట్టలకు వాడుకోండి.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ఒక మాట దగ్గర పెన్ను కింద పెట్టేశాను. "గురక ఆగిపోతుంది, ఆ కాసేపే నాకు కునుకు పడుతుంది" అని రాశారు. మీకు కునుకు పట్టే ఆ కాసేపూ ఆయనకు ఊపిరి ఆడటం లేదు. గురక ఆగిందంటే ఆయన హాయిగా పడుకున్నారని మీరు అనుకుంటున్నారు. గొంతు పూర్తిగా మూసుకుపోయి, గాలి లోపలికి వెళ్లక ఆ నిశ్శబ్దం వచ్చింది. రక్తంలో ఆక్సిజన్ పడిపోతూ ఉంటే మెదడు భయపడి ఒక్క తోపు తోస్తుంది. ఆ తోపే మీరు రాసిన "పెద్దగా గుర్రు". ఆయన నిద్ర లేచినట్టు ఆయనకే తెలియదు. కానీ మెదడు మాత్రం లేచి కూర్చున్నట్టే. రాత్రికి ఇలా పదులసార్లు, ముదిరితే వందలసార్లు జరిగితే ఎనిమిది గంటలు మంచం మీద ఉన్నా నిద్ర దక్కదు. దీన్నే అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా అంటాం. ఆయనకు అదే ఉందని ఉత్తరం చూసి తేల్చి చెప్పను, టెస్టు చేయాలి. అయితే మీరు రాసిన గుర్తులన్నీ అటే చూపిస్తున్నాయి.

రాత్రి మూత్రానికి లేవడం కూడా అందులో భాగమే కావచ్చు. మూసుకున్న గొంతుతో ఛాతీ గట్టిగా గుంజుతుంటే గుండె పైగదులు సాగుతాయి. ఒంట్లో నీరు ఎక్కువైందని గుండె పొరబడి, మూత్రం ఎక్కువ చేసే హార్మోన్ వదులుతుంది. షుగర్ లేదు, ప్రోస్టేట్ బాగానే ఉంది, అయినా రాత్రి మూడుసార్లు లేస్తున్నారంటే నేను గురక సంగతి అడుగుతాను. బీపీ కూడా అంతే. మందులు మారుస్తున్నా దిగని బీపీల్లో కొన్నింటి వెనక ఈ గురకే ఉంటుంది.

స్కూటరు సంగతి మాత్రం అన్నిటికన్నా ముందు. టెస్టు అయ్యి, చికిత్స మొదలై, పగటి మత్తు వదిలేదాకా ఆయన ఒంటరిగా బండి నడపకూడదు. పాతపట్నం ఎంత, పక్కనే కదా అంటారేమో. కునుకు పట్టడానికి దూరంతో పనేముంది? బస్సో, ఆటోనో, మిల్లు కుర్రాడు నడిపే బండో.

ఇక ముక్కు దగ్గరికి వద్దాం. ముక్కు మూసుకుంటే గొంతెందుకు మూసుకుంటుంది? మహేంద్రతనయ ఒడ్డున మోటారు పెట్టి నీళ్లు తోడే రైతు దగ్గర నిలబడి చూడండి. నీళ్లు లాగే వైపు గట్టి పైపు పెడతాడు. నీళ్లు వదిలే వైపు మెత్తటి పైపు, చుట్ట చుట్టి చంకలో పెట్టుకునేది, సరిపోతుంది. అది లాగే వైపు పెడితే మోటారు గుంజుడుకి అతుక్కుపోతుంది. పైగా పైపు అడుగున నీళ్లలో ఉండే ఫుట్‌వాల్వ్‌కి నాచు పట్టిందంటే మోటారు ఇంకా గట్టిగా గుంజుతుంది. మనకు దేవుడు ముక్కు వైపు ఎముక, మృదులాస్థి పెట్టాడు, అది అతుక్కోదు. గొంతు వెనక మాత్రం కండరాలే, మెత్తటి పైపే. మెలకువలో ఆ కండరాలు బిగువుగా ఉండి దాన్ని తెరిచి పట్టుకుంటాయి. నిద్రలో సడలుతాయి. ఫుట్‌వాల్వ్ లాంటి ముక్కు మూసుకుని ఉంటే ఛాతీ ఇంకా గట్టిగా లాగుతుంది, మెత్తటి గొంతు దగ్గరకొస్తుంది. కొంచెం దగ్గరకొస్తే అదిరి గురక, పూర్తిగా అతుక్కుంటే ఆ నిశ్శబ్దం.

మరి నోరు తెరిచాడుగా, గాలి వెళ్లాలిగా అనొచ్చు. నోరు తెరుచుకుంటే కింది దవడ వెనక్కి జారుతుంది, దానితోపాటు నాలుక వెనక్కి పడుతుంది. అంటే దారి ఇంకా ఇరుకవుతుంది. వీడియోల వాళ్లు పట్టుకున్నది ఈ ముక్కనే, అది అబద్ధం కాదు. అక్కడి నుంచి నోటికి టేపు వేసెయ్యమనడం దగ్గరే తప్పంతా. వీధి తలుపు బిగుసుకుపోతే పెరటి తలుపు తీసుకుని వచ్చినవాణ్ని దొంగంటామా? ముక్కు పనిచేయక మీవారు నోరు తెరుస్తున్నారు. ఆ తలుపు కూడా మూసేస్తే ఆయన ఎటు పోవాలి? టేపు మీద జరిగిన అధ్యయనాలు చిన్నవి, ముక్కు బాగా ఆడేవాళ్లను ఏరి చేసినవే ఎక్కువ. అందులో కొందరికి గురక కొంచెం తగ్గింది, అంతవరకే. ముక్కు దిబ్బడ ఉన్నవాళ్లు, ఆప్నియా అనుమానం ఉన్నవాళ్లు, ఆదివారం సాయంత్రం రెండు గ్లాసులు పుచ్చుకునేవాళ్లు దాని జోలికి పోకూడదు. నోటికి ప్లాస్టర్ ఉండగా వాంతి వస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

గ్లాసుల మాట ఎలాగూ వచ్చింది. మీరు రాయలేదు, నేను అడగలేదు. కానీ రాత్రి మందు పుచ్చుకుంటే గొంతు కండరాలు మామూలు కంటే ఎక్కువ సడలిపోతాయి. నిద్రమాత్రలూ అంతే. "రాత్రి సరిగ్గా పట్టడం లేదు, ఒక మాత్ర ఇవ్వండి" అని ఆయన మందుల షాపులో అడిగే రకమైతే, ఆ అలవాటు ఈ రోజుతో కట్టిపెట్టించండి.

ముక్కు ఏం చేస్తుందో కాస్త చెప్తాను, ఎందుకంటే ముప్పై ఏళ్లు దీన్నే చూశాను, మురిపెం పోలేదు. పెద్దవాళ్లు రోజుకు పది వేల లీటర్లకు పైగా గాలి పీలుస్తారు. డిసెంబరులో మహేంద్రగిరి వైపు నుంచి దిగే చలిగాలైనా, మే నెల వడగాలైనా, మిల్లు గుమ్మంలో తవుడు కలిసిన గాలైనా, ముక్కు దాటి గొంతు చేరేసరికి దాదాపు ఒంటి వేడికి వచ్చేస్తుంది, తడి పట్టేస్తుంది. దుమ్ము చాలామటుకు జిగురుకి అంటుకుని అక్కడే ఆగుతుంది. ఈ పనంతా ముక్కు లోపల చేతివేళ్లంత కండలు చేస్తాయి, ఒక్కో వైపు మూడు. వాటిని టర్బినేట్లు అంటాం. నోటికి ఈ ఏర్పాటు లేదు. నోటితో పీలిస్తే పొడిగాలి తిన్నగా గొంతులోకి. లాలాజలం ఆరిపోతుంది, పళ్లు పుచ్చుతాయి, చిగుళ్లు వాస్తాయి. ఆయన నాలుక పిడచకట్టేది అందుకే.

ఆ కండలకు ఇంకో గుణం ఉంది. కొన్ని గంటలు ఒక వైపు ఉబ్బుతాయి, రెండో వైపు తగ్గుతాయి. మళ్లీ మారుతాయి. చాలామందికి తెలియకుండానే జరుగుతుంది. మన యోగులు సూర్యనాడి, చంద్రనాడి అని ఎప్పుడో గమనించి పేర్లు పెట్టుకున్నారు. జర్మనీలో కైజర్ అనే వైద్యుడు 1895లో దీని గురించి రాశాడు. ఎందుకు చెబుతున్నానంటే, "ఒకసారి కుడి, ఒకసారి ఎడమ మూసుకుంటోంది డాక్టరుగారూ" అని కంగారుగా వచ్చేవాళ్లు ఎందరో. అది రోగం కాదు. ఎప్పుడూ ఒకే వైపు మూసుకుంటేనో, రెండూ ఒకేసారి మూసుకుంటేనో చూడాలి. ఒకే వైపు మూసుకుని రక్తం కూడా పడుతుంటే ఆలస్యం చేయకుండా చూపించాలి.

ఇంకా ఒకటి. టార్చి వేసి అద్దంలో చూసుకుని "ముక్కులో కండ పెరిగింది" అంటారు. చాలాసార్లు ఆ కనిపించేది పుట్టుకతో ఉన్న టర్బినేటే. సంతలో కూర్చుని కండ కరిగిస్తానని పసరో, యాసిడో పోసేవాళ్ల దగ్గరికి మీవారిని పోనివ్వకండి. ఆ కాలిన మచ్చలు గట్టిపడి ముక్కు శాశ్వతంగా పూడుకుపోయినవాళ్లను నేను చూశాను. అలాంటి ముక్కును బాగుచేయడం కంటే కొత్తది తయారుచేయడం నయం అనిపించేది.

ఇప్పుడు చుక్కల మందు. ఇక్కడ నా సంగతే చెప్పుకోవాలి. మెడిసిన్ చదివే రోజుల్లో పరీక్షల ముందు నాకు రొంప పట్టింది. మా హాస్టల్ ఎదుటి మందుల షాపాయన ఒక చిన్న సీసా ఇచ్చాడు. వేసుకోగానే ముక్కు సొరంగంలా తెరుచుకుంది. అంత హాయి! రొంప వారంలో పోయింది, సీసా పోలేదు. రాత్రి తలగడ కింద, పగలు జేబులో. మూడు గంటలకోసారి వెయ్యకపోతే ముక్కు బిగదీసుకుపోయేది. నాలుగు నెలలు గడిచాక మా ప్రొఫెసర్ వార్డులో నా జేబు తడిమి సీసా బయటకు తీసి అందరి ముందూ చూపించారు. కాబోయే చెవి ముక్కు డాక్టరువి, నీ ముక్కే నీ మాట వినడం లేదు అన్నట్టు చూశారు. ఆ చూపు ఇప్పటికీ గుర్తే.

ఆ చుక్కల్లో ఉండేది ఆక్సీమెటాజోలిన్ గానీ జైలోమెటాజోలిన్ గానీ. ముక్కు కండల్లోని రక్తనాళాలను బిగించేస్తాయి, కండలు కుంచించుకుపోతాయి, దారి తెరుచుకుంటుంది. మందు దిగిపోగానే అవి ముందుకంటే ఎక్కువ ఉబ్బుతాయి. మళ్లీ చుక్కలు. మూడు రోజులు, మహా అయితే ఐదు రోజులు వాడాల్సిన మందు అది. మీవారు రెండేళ్లుగా వాడుతున్నారు. అంటే ఈపాటికి ముక్కు దిబ్బడలో చాలా భాగం ఆ చుక్కలే తెచ్చిపెడుతూ ఉండొచ్చు. బీపీ ఉన్న మనిషికి రక్తనాళాలు బిగించే మందు రెండేళ్లు వాడటం ఇంకో తలనొప్పి.

మానడం కష్టమే గానీ అయ్యే పనే. నేను బయటపడ్డ పద్ధతి, నా రోగులకు చెప్పిన పద్ధతి ఇది. ఒక ముక్కుకి చుక్కలు పూర్తిగా మానెయ్యాలి, రెండో ముక్కుకి కొన్నాళ్లు రాత్రిపూట మాత్రం వేసుకోవచ్చు. మానిన వైపు వారం పది రోజులు నరకం, తర్వాత మెల్లగా తెరుచుకుంటుంది. అప్పుడు రెండో వైపూ మానెయ్యాలి. ఈ మధ్యకాలంలో తోడుగా స్టిరాయిడ్ స్ప్రే ఇస్తాం, ఫ్లూటికాసోన్, మోమెటాసోన్ లాంటివి. స్టిరాయిడ్ అనగానే గుండె జారిపోనక్కర్లేదు. ముక్కు లోపల పనిచేసి, ఒంట్లోకి చాలా తక్కువ వెళ్లే మందు అది. ఇది చుక్కల్లా క్షణంలో ముక్కు తెరవదు. వారం రెండు వారాలు రోజూ వాడితే గానీ తేడా పూర్తిగా తెలియదు. మూడో రోజుకే "పనిచేయడం లేదండీ" అని సీసా అటకెక్కించేస్తారు మనవాళ్లు. కొట్టే పద్ధతి కూడా ఉంది. తల కొంచెం ముందుకు వంచాలి. కుడి ముక్కుకి ఎడమ చేత్తో, ఎడమ ముక్కుకి కుడి చేత్తో కొట్టాలి, మొన అదే వైపు చెవి దిక్కుకు చూడాలి. ముక్కు దూలం, అంటే మధ్య గోడ వైపు కొడితే రక్తం కారుతుంది. కొట్టాక గట్టిగా ఎగపీల్చకూడదు. ఎగపీలిస్తే మందు ముక్కులో ఆగకుండా గొంతులోకి పోతుంది.

మందులషాపులో అడిగి సొంతంగా కొనకండి. ఒకసారి చెవి ముక్కు గొంతు డాక్టరు ముక్కు లోపల చూసి, దూలం వంకరుందా, నిజంగానే పాలిప్, అంటే కొత్తగా పెరిగిన కండ ఉందా, అలర్జీయా అని తేల్చాలి. ఇంట్లో మీరు ఒక చిన్న పరీక్ష చేయొచ్చు. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు పక్కన బుగ్గ మీద వేలు ఆనించి బుగ్గను మెల్లగా పక్కకు లాగండి. అలా లాగినప్పుడు గాలి చక్కగా ఆడితే ఇరుకు ముక్కు గుమ్మంలోనే ఉందన్నమాట. డాక్టరుతో ఈ మాట చెప్పండి. దూలం వంకర ఉంటే ఆపరేషన్ అవసరం పడొచ్చు, పడకపోవచ్చు. ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. దూలం సరిచేసినా, ముక్కు తెరిచినా, ఆప్నియా ఉంటే అది దానంతట అదే పోవడం అరుదు. ఫుట్‌వాల్వ్ శుభ్రం చేస్తే పైపు మీద గుంజుడు తగ్గుతుంది గానీ మెత్తటి పైపు గట్టిపడదు కదా. అందుకే ముక్కు, గొంతు రెండు పనులూ పక్కపక్కనే సాగాలి.

ఉప్పునీళ్లతో ముక్కు కడగటం మాత్రం ఈ రాత్రే మొదలుపెట్టొచ్చు. మిల్లు నుంచి వచ్చాక ముఖం కడుక్కోవడం ఎంతో, ముక్కు కడుక్కోవడం అంతే అనుకోవాలి. మీకు నౌపడ దగ్గరే, ఉప్పుకి కరువు లేదు. అర లీటరు నీళ్లు గలగలా మరిగించి, ఒక నిమిషం పైన అలాగే మరగనిచ్చి, చల్లారనివ్వండి. నూరిన ఉప్పు చిన్న చెంచాకు కాస్త తక్కువ కలపండి. గళ్లుప్పు అయితే కరిగాక పలచటి బట్టలో వడపోసి, మళ్లీ ఒకసారి మరిగించండి. చిటికెడు వంటసోడా వేస్తే మంట పెట్టదు. గోరువెచ్చగా ఉన్నప్పుడు వంగి, తల పక్కకు తిప్పి, నోటితో ఊపిరి తీస్తూ పైముక్కులో మెల్లగా పోస్తే కింది ముక్కులోంచి వస్తుంది. తవుడు రంగులో వస్తుంది మొదటి రోజు, చూసి ఆయనే ఆశ్చర్యపోతారు. కుళాయి నీళ్లు, బావి నీళ్లు మరిగించకుండా ముక్కులో పోయడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. అరుదే అయినా, మెదడుకు పాకే అమీబా అలాంటి నీళ్ల నుంచే ముక్కు ద్వారా లోపలికి వెళుతుంది, సోకితే బతకడం చాలా కష్టం. ముక్కు రెండు వైపులా పూర్తిగా బిగిసి ఉన్న రోజున, చెవిపోటు ఉన్న రోజున కడగొద్దు.

మిల్లులో తువ్వాలు ముక్కుకి చుట్టుకుంటే చాలదు, సన్నటి దుమ్మును ఆపే మాస్కు పెట్టుకోమనండి. పడకగదిలో దోమల చక్రం వెలిగించే అలవాటుంటే ఆపేసి దోమతెర కట్టండి. మూసిన గదిలో రాత్రంతా ఆ పొగ పీల్చడం, ముక్కు దిబ్బడకి మందు వేసుకోవడం రెండూ ఒకే మనిషి చేస్తుంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. తలగడ ఎన్నేళ్ల నాటిదో చూడండి. దూది తలగడలో కంటికి కనపడని దుమ్ముపురుగులు చేరతాయి, చాలామందికి అలర్జీ తెచ్చేవి అవే. గలీబులు, దుప్పట్లు వారానికోసారి బాగా వేడినీళ్లలో ఉతకండి. మెంథాల్ బామ్ రాసుకుంటే ముక్కు తెరుచుకున్నట్టు ఉంటుంది. అది చల్లదనం చేసే మాయ, లోపల దారి ఒక్క వెంట్రుక వాసి కూడా పెరగదు. రాసుకుంటే రాసుకోనివ్వండి, దాన్ని చికిత్స అనుకోకండి.

నిద్ర పరీక్ష సంగతి. ముందుగా ఒక రాత్రి మీరు మేలుకోవాలి, తప్పదు. తెల్లవారుజామున మూడు నాలుగు మధ్య ఆయన వెల్లకిలా ఉన్నప్పుడు ఫోన్లో పది నిమిషాలు వీడియో తీయండి. ముఖం, ఛాతీ, పొట్ట కనపడాలి, శబ్దం వినపడాలి. గురక ఆగినప్పుడు పొట్ట ఇంకా ఎగిసిపడుతోందా, ఎన్ని సెకన్లకు మళ్లీ మొదలైంది అన్నది డాక్టరు ఆ వీడియోలో చూస్తారు. పది సెకన్లు దాటితే మేం లెక్కలోకి తీసుకుంటాం. దర్జీ టేపుతో మెడ చుట్టూ కొలవండి. 40 సెంటీమీటర్లు దాటితే అదీ రాసుకోండి. ఒడియా డాక్టరు దగ్గరికి వెళితే ఘుంగుడి అని ఒక్క మాట చెప్పి ఊరుకోకండి, గురక అంటే డాక్టర్లు కూడా ఒక్కోసారి నవ్వి వదిలేస్తారు. నిద్రలో ఊపిరి ఆగుతోంది, బండి మీద నిద్రపోయారు, బీపీ ఉంది. ఈ మూడూ వరసగా చెప్పండి. బరంపురం మెడికల్ కాలేజీకి గానీ, శ్రీకాకుళం, విశాఖపట్నం గానీ, మీకు ఎటు వీలైతే అటు. రాత్రికి ఆసుపత్రిలో పడుకోబెట్టి చేసే పరీక్ష ఉంది, ఇంటికే చిన్న మిషను ఇచ్చి చేయించేదీ ఉంది.

ఆప్నియా గట్టిగా ఉందని తేలితే సీప్యాప్ అనే మిషను చెబుతారు. ముక్కుకి మాస్కు తగిలించి, గాలి ఒత్తిడితో ఆ మెత్తటి పైపు అతుక్కోకుండా పట్టుకుంటుంది. ఆస్ట్రేలియాలో కోలిన్ సలివాన్ అనే డాక్టరు 1981లో దీన్ని లోకానికి చెప్పాడు, మొదటిది వాక్యూమ్ క్లీనర్ మోటారుతో తయారుచేసుకున్నదే. చూడ్డానికి ఏనుగు తొండంలా ఉంటుంది, మగవాళ్లకు నామోషీగా ఉంటుంది. "ఇది పెట్టుకుని పడుకోమంటే ఆసుపత్రిలో ఉన్నట్టుంది" అని మూలన పడేసేవాళ్లు చాలామంది. అలా పడేసే కారణాల్లో ముక్కు దిబ్బడ ఒకటి, ముక్కు మూసుకుని ఉంటే ఆ గాలి భరించలేరు. ఖరీదైన వస్తువు కాబట్టి కొనేముందు అద్దెకు దొరుకుతుందేమో అడిగి, కొన్ని వారాలు వాడి చూడండి. అంత గట్టిగా లేకపోతే బరువు తగ్గడం, పక్కకు తిరిగి పడుకోవడం, దవడను ముందుకు పట్టి ఉంచే డెంటల్ పరికరం లాంటి దారులున్నాయి. వెల్లకిలా పడుకోకుండా బనీను వెనక జేబు కుట్టి అందులో బంతి పెట్టడం పాత చిట్కా. నవ్వొచ్చినా కొందరికి పనిచేస్తుంది.

ఇక బాబు. మీ అత్తగారితో నాకు పేచీ ఇక్కడే. పెద్దవాళ్లలో గురక ఎంత మామూలైనా, పిల్లవాడు రోజూ గురక పెట్టడం మామూలు కాదు. దవడ, గొంతు ఆకారం వంశంలో రావచ్చు, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ ఎనిమిదేళ్ల పిల్లవాడు నోరు తెరుచుకుని గురకపెడితే నేను మొదట అనుమానించేది ఎడినాయిడ్స్‌ని. ముక్కు వెనక, కొండనాలుకకు పైన, అద్దంలో కనపడని చోట ఉండే మెత్తటి కండ అది. మూడు నుంచి ఏడెనిమిదేళ్ల మధ్య బాగా పెరిగి ఉంటుంది, తర్వాత పెద్దయ్యే కొద్దీ తగ్గిపోతుంది. తగ్గుతుంది కదా అని ఊరుకోవచ్చా? పిల్లవాణ్ని బట్టి. కొన్ని చూడండి. టీవీ సౌండు పెంచుతున్నాడా, వెనక నుంచి పిలిస్తే పలకడం లేదా? ఎడినాయిడ్స్ చెవి గొట్టాన్ని అడ్డుకుంటే చెవిలో నీరు చేరి వినికిడి తగ్గుతుంది, పంతులుగారు మాత్రం పరధ్యానం అంటారు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైందా? పొద్దున్నే చిరాగ్గా లేచి, పగలు నిద్రపోకుండా గంతులేస్తున్నాడా? పెద్దవాళ్లలా పిల్లలు కునికిపాట్లు పడరు, నిద్ర చాలకపోతే ఇంకా అల్లరి చేస్తారు. పైపళ్లు ముందుకొస్తున్నాయా? చలికాలమైనా మెడ చుట్టూ చెమట పట్టి పడుకుంటున్నాడా?

రెండు మూడు అవునంటే డాక్టరు పక్క నుంచి మెడ ఎక్స్‌రే తీయించో, సన్నటి గొట్టంతో చూసో చెబుతారు. వినికిడి పరీక్ష కూడా చేయించమనండి. కొందరు పిల్లలకు కొన్ని వారాల స్ప్రేతోనే సర్దుకుంటుంది. ఊపిరి ఆగుతున్నా, చెవిలో నీరు వదలకపోయినా ఆపరేషన్ చెబుతారు. చిన్నదే అది, భయపడకండి. తెరిచిన నోరు అదే అలవాటై ఏళ్లు గడిస్తే అంగిలి ఇరుకై, ముఖం పొడుగ్గా సాగినట్టు పెరుగుతుంది. అందుకే రెండేళ్లు ఆగి చూద్దాం అనే మాట నాకు నచ్చదు. ఒక ముక్కులోంచి మాత్రమే కంపుకొట్టే చీమిడి వస్తుంటే కథ వేరు. చింతపిక్కో, శనగగింజో, రబ్బరు ముక్కో లోపల దాచుకుని ఉంటాడు. ఇంట్లో పిన్నుతో తీయాలని చూడకండి.

ప్రాణాయామం అడిగారు. చేయించండి, నష్టం లేదు. భ్రామరి నాకు ఇష్టం. ముక్కు పక్క గుల్లల్లో, అంటే సైనస్‌లలో, నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు తయారవుతుంది. ముక్కుతో పీల్చినప్పుడు అది ఊపిరితిత్తుల్లోకి చేరి అక్కడి రక్తనాళాలను కొంచెం విప్పుతుంది. నోటితో పీలిస్తే ఆ లాభం ఉండదు. 2002లో స్వీడన్ పరిశోధకులు తుమ్మెదలా ఝుమ్మని హమ్ చేయించి చూస్తే, ముక్కు నుంచి వచ్చే ఆ వాయువు మామూలు కంటే పదిహేను రెట్లు పెరిగింది. వింటే ఆనందంగా ఉంది కదా. అయినా దానివల్ల ఆప్నియా తగ్గుతుందనడానికి గట్టి రుజువు లేదు, నేనూ చెప్పను. పొద్దున బాబూ, నాన్నా కలిసి కూర్చుని ఝుమ్మంటే మనసుకు బాగుంటుంది. ముక్కు దిబ్బడతో మాత్రం బలవంతంగా కపాలభాతి చేయించకండి, బీపీ ఉన్నవాళ్లకి అది వద్దు.

ఎప్పుడైనా ఏ ఆపరేషనుకైనా, పంటి ఆపరేషన్ అయినా సరే, మత్తు ఇస్తారంటే ఆయన గురక సంగతి మత్తు డాక్టరుకి మీరే చెప్పండి. ఆయన చెప్పరు, మగవాళ్లు చెప్పరు.

పరీక్ష రిపోర్టులో ఏహెచ్‌ఐ అని ఒక అంకె ఉంటుంది, గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగింది, తగ్గింది అన్న లెక్క. 5 లోపు అయితే మామూలు, 15 దాటితే మధ్యరకం, 30 దాటితే తీవ్రం. దాని పక్కన ఆక్సిజన్ ఎంతవరకు పడిందో ఇంకో అంకె ఉంటుంది. రెండూ రాసి పంపండి, బాబు ఎక్స్‌రే సంగతి కూడా. అప్పటిదాకా స్కూటరు తాళం చెవి మీ కొంగున కట్టుకోండి.